రాడ్ ఎత్తడం సరే, దించడం వచ్చా?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా జిమ్ గురించే వచ్చాయి, మన విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే ఓపెన్ జిమ్ దగ్గర వేలాడేవాళ్ళని చూస్తే ఎందుకొచ్చాయో తెలుస్తూనే ఉంది. అన్నిటికీ జవాబివ్వలేను కాబట్టి కొన్ని తీసుకున్నా. ఒకే రకంగా ఉన్న ప్రశ్నలు కలిపేశా, మీ ఉత్తరం ఇందులో లేకపోతే ఏమనుకోకండి.

అన్నా, నాది గాజువాక, వయసు 22, బరువు 58 కిలోలు. నెల కిందట జిమ్‌లో జాయినయ్యా. మొదటిరోజు ట్రైనర్ ఏదో చూపించాడు, తర్వాతెప్పుడు చూసినా ఫోన్లోనే ఉంటాడు. ఒకడు ఇలా చెయ్ అంటాడు ఇంకోడు అది కాదు ఇలా అంటాడు. ఖాళీ రాడ్‌తో చేస్తే పక్కనోళ్ళు నవ్వుతారని చెరో 10 కిలోలు ఎక్కించేసి చేస్తున్నా. అసలు ఏటి చెయ్యాలో, ఎక్కడ మొదలెట్టాలో చెప్పన్నా.

తమ్ముడూ, ఆ పది కిలోల ప్లేట్లు తీసి పక్కన పెట్టు. ఆగు, ఎలా తీస్తావు? ముందు అది చెప్పాలి నీకు.

నేను కొత్తగా జాయినయినప్పుడు జరిగింది ఇది, ఇరవై ఏళ్ళ పైమాటే. బెంచ్ ప్రెస్, అంటే బెంచీ మీద పడుకుని రాడ్‌ని ఛాతీ మీంచి పైకి తోసేది, అయిపోయింది, రాడ్‌కి చెరో పక్కా రెండు పదికిలోల ప్లేట్లున్నాయి, పక్కోడితో సినిమా కబుర్లు చెప్పుకుంటూ ఎడమ పక్క రెండూ ఒకేసారి లాగేశా. రాడ్ ఏమో సన్నది తేలికది, బెంచ్ స్టాండ్ ఇరుకు. కుడి పక్క బరువుకి రాడ్ ఎగిరి తిరగబడింది, ఎడమ కొస వచ్చి అద్దానికి తగిలింది, ప్లేట్లు రెండూ నా కాలి బొటనవేలికి జానెడు దూరంలో పడ్డాయి. అద్దం డబ్బులు మూడు నెలలు కట్టా, అది వేరే సంగతి. అప్పట్నుంచి ఇవాళ్టిదాకా ఈ పక్క ఒకటి తీస్తే ఆ పక్క ఒకటి తీస్తా, ఎక్కించేటప్పుడూ అంతే. ఇది నాకు ఏ ట్రైనరూ చెప్పలేదు. అందరూ ఎత్తడమే నేర్పుతారు, దించడం ఎవడూ నేర్పడు, దెబ్బలన్నీ తగిలేది మాత్రం అక్కడే.

ఇప్పుడు నీ రాడ్ సంగతి. అసలు అది ఎన్ని కిలోలో తెలుసా నీకు? ఒలింపిక్ రాడ్ అయితే మగాళ్ళది 20 కిలోలు, 2.2 మీటర్ల పొడవు, ఆడవాళ్ళది 15 కిలోలు. కానీ మన చిన్న జిమ్ముల్లో సన్న రాడ్లు ఎక్కువ, అవి ఒకటి 8 ఉంటది ఒకటి 12 ఉంటది, చూస్తే అన్నీ ఒకలాగే ఉంటాయి. జిమ్‌లో బరువు చూసుకునే మిషన్ ఉంటది కదా, దానిమీద ముందు నువ్వెక్కు, తర్వాత రాడ్ పట్టుకుని ఎక్కు, తేడా ఎంతో రాసుకో. ఒలింపిక్ రాడ్ అయితే అదే 20 లీటర్ల వాటర్ క్యాన్ బరువు, 58 కిలోల కుర్రాడికి మొదటి నెల స్క్వాట్‌కి (రాడ్ వీపు మీద పెట్టుకుని కూర్చుని లేచేది), బెంచ్‌కి అది చాలు. నవ్వుతారంటావా, నవ్వనీ. వెయిట్‌లిఫ్టింగ్ పద్ధతిగా నేర్పేచోట కొత్తోడి చేతికి ముందు ఇచ్చేది ఉత్త కర్ర. మనకి ఎదురుగా విజయనగరం పక్కన కొండవెలగాడ ఉంది, నెల్లిమర్ల దగ్గర, 2014 కామన్వెల్త్ గేమ్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో వెండి పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. శ్రీకాకుళం నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్ (ఒకే ఊపులో నెత్తి మీదకి ఎత్తేది) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత నెత్తి మీదకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు తెచ్చింది, ఒలింపిక్స్‌లో పతకం కొట్టిన మొదటి భారతీయ మహిళ. మరి ఆ ఆటలో రూలేంటో తెలుసా, బరువు నెత్తి మీదకి ఎత్తితే అయిపోలేదు, కదలకుండా నిలబెట్టాలి, దించమని సిగ్నల్ వచ్చాకే దించాలి, అది కూడా భుజాల పైనుంచి చేతులొదిలేస్తే ఆ లిఫ్ట్ చెల్లదు. దించడం కూడా లెక్కలోకే వస్తది అక్కడ.

సరే స్క్వాట్. రాక్‌లో, అంటే రాడ్ ఆనించే స్టాండ్‌లో, రాడ్ నీ ఛాతీ మధ్యకి వచ్చే ఎత్తులో పెట్టుకో, మునివేళ్ళ మీద లేచి తియ్యాల్సి వస్తే ఎత్తు ఎక్కువైనట్టు, దించేటప్పుడు అలిసిపోయి ఉంటావు, అప్పుడు మునివేళ్ళ మీద లేవలేవు. రాడ్ మెడ ఎముక మీద కాదు, దాని కింద వీపు కండ మీద ఆనాలి. లేపాక వెనక్కి రెండంటే రెండే అడుగులు. గాలి పీల్చి పొట్ట బిగించి, ఎవడో పొట్టలో గుద్దబోతున్నాడు అనుకుని బిగించి, కూర్చో, మోకాళ్ళు కాలివేళ్ళు చూసే వైపుకే పోవాలి, లోపలికి ముడుచుకోకూడదు. మడమలు నేలకి అంటుకునే ఉండాలి. అయిపోయాక ముందుకి నడువు, రాడ్ స్టాండ్ రెండు కంబాలకీ టంగుమని తగిలేదాకా నడువు, తగిలాకే మోకాళ్ళు వంచి కిందకి దించు. మెడ తిప్పి కొక్కెం ఎక్కడుందా అని వెతక్కు, ఒక పక్క ఎక్కి ఇంకో పక్క ఎక్కకపోతే అంతే సంగతులు. నువ్వు పూర్తిగా కూర్చున్నప్పుడు రాడ్ ఎంత ఎత్తులో ఉంటదో దానికి కొంచెం కిందగా సేఫ్టీ పిన్నులు, అంటే రాడ్‌ని ఆపే అడ్డకడ్డీలు, పెట్టుకో, లేవలేకపోతే వాటిమీద వదిలేసి బయటికొచ్చెయ్.

బెంచ్ దగ్గర కూడా ఇంతే, పడుకున్నప్పుడు కళ్ళు రాడ్ కిందకి రావాలి, బొటనవేలు రాడ్ చుట్టూ తిరిగి ఉండాలి, కొందరు బొటనవేలు వదిలేసి పట్టుకుంటారు స్టైల్‌గా, జారితే పడేది ఛాతీ మీద, లేదంటే గొంతు మీద. ఒంటరిగా చేస్తుంటే, పిన్నులు లేని బెంచ్ అయితే ప్లేట్లకి లాకులు పెట్టకు, ఇరుక్కుపోతే ఒక పక్కకి వంచి ప్లేట్లు జార్చేసుకోవచ్చు, శబ్దం అవుద్ది, ఓనర్ తిడతాడు, బతికుంటావు. అసలు మంచి మాటేంటంటే పక్కనోణ్ణి పిలువు, 'అన్నా కొంచెం చూస్తావా' అంటే కాదనే లిఫ్టర్‌ని నేనింతవరకు చూళ్ళేదు, నిన్ను చూసి నవ్వుతున్నాడని నువ్వనుకునేవాడే ముందొస్తాడు.

డంబెల్స్ ప్రెస్ అయిపోయాక చేతులు రెండూ పక్కలకి చాపేసి పడేస్తారు చూడు, భుజం పట్టేసేది అక్కడే. ఛాతీ దగ్గరికి తెచ్చుకుని, మోకాళ్ళు పైకి లేపి డంబెల్స్ తొడలకి ఆనించి, ఆ ఊపుతో లేచి కూర్చో, అప్పుడు కింద పెట్టు.

వారానికి 3 రోజులు, రోజు మార్చి రోజు. ఒక్కో రోజూ ఒక కాళ్ళ వ్యాయామం, ఒక తోసేది, ఒక లాగేది, వరసగా 8 నుంచి 10 సార్లు (వాటినే రెప్స్ అంటారు), ఆగి మళ్ళీ, అలా 3 సెట్లు. ఇంకో రెండు చెయ్యగలను అనిపించినప్పుడే ఆపెయ్. అన్ని సెట్లూ పదేసి శుభ్రంగా వచ్చాక మొత్తం మీద రెండున్నర కిలోలు పెంచు, అంటే పక్కకి 1.25. ఆ 1.25 ప్లేట్లు చాలా జిమ్ముల్లో మూల పడి ఉంటాయి ఎవరూ ముట్టుకోరు కాబట్టి, వెతుక్కో. సండే వస్తే బీచ్ రోడ్డులో కోడి రామ్మూర్తి నాయుడి విగ్రహం దగ్గర ఫోటో దిగు, కానీ ఆయనలాగా ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకోవాలని ఇప్పట్నుంచే అనుకోకు.

నమస్తే అండి. నాకు 38, ఎంవీపీ కాలనీలో ఉంటాను, ఇద్దరు పిల్లలు. డాక్టర్ గారు వెయిట్స్ చెయ్యమన్నారు ఎముకలకి మంచిదని. జిమ్‌లో అందరూ కుర్రాళ్ళే. మిషన్లు చూస్తే ఏది ఎలా వాడాలో తెలీదు, అడగాలంటే మొహమాటం. వెయిట్స్ చేస్తే మగరాయుళ్ళా అయిపోతామంటుంది మా అత్తగారు, నిజమేనా?

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. ఇంట్లో గ్యాస్ బండ ఎవరు జరుపుతారో కూడా ఒకసారి అడగండి. నిండు బండ అంటే లోపల గ్యాసు 14.2 కిలోలు, బండ బరువు ఇంకో 15 దాకా, అంటే దాదాపు 30 కిలోలు. అదెత్తితే రాని మగతనం 5 కిలోల డంబెల్‌తో వస్తదా అండి. ఆడవాళ్ళకి టెస్టోస్టిరాన్ మగవాళ్ళతో పోలిస్తే చాలా తక్కువ, ఆ కండలు పొరపాటున వచ్చేవి కావు, అలా ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి దానికోసమే తిని దానికోసమే పడుకున్నవాళ్ళు.

మిషన్ల గురించి మీకొక్క కిటుకు చెప్తాను, ఇది తెలిస్తే సగం మిషన్లు ఎవర్నీ అడక్కుండానే వస్తాయి. కూర్చుని ఒక్క కీలు మాత్రమే వంచి చేసే మిషన్లకి చెయ్యి గానీ కాలు గానీ తిరిగేచోట ఒక ఇరుసు ఉంటుంది, చాలావాటికి అక్కడ ఎర్రగానో పసుప్పచ్చగానో చుక్క కూడా పెడతారు. మీ కీలు ఆ ఇరుసుకి సూటిగా రావాలి, అంతే. లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో, అంటే కూర్చుని కాళ్ళు ముందుకి చాపేదాంట్లో, మోకాలు దాని పక్కకి రావాలి, రాకపోతే వీపు వెనకాల ఉన్న దిండు ముందుకో వెనక్కో జరపండి. మిషన్లు ఎక్కువగా పొడుగు మగాళ్ళ కొలతలకి చేసినవే కాబట్టి మీకు దిండు బాగా ముందుకి రావచ్చు, అప్పటికీ చాలకపోతే వీపు వెనక మడిచిన తువ్వాలు పెట్టుకోండి, తప్పేం లేదు. సీటు మార్చే పిన్ను 'టక్' మని లోపలికి దిగిందో లేదో ఒకసారి సీటుని ఊపి చూసుకుని కూర్చోండి. బరువుల దొంతరలో పెట్టే పిన్ను కూడా పూర్తిగా, చివరిదాకా దూర్చాలి.

ల్యాట్ పుల్‌డౌన్ అంటే పైనుంచి కమ్మీ లాగేది, దాన్ని మెడ వెనక్కి లాగే కుర్రాళ్ళని చూసి మీరూ అలా చెయ్యకండి, ఛాతీ పైభాగానికి లాగండి. తొడల మీద వచ్చే ప్యాడ్ బిగుతుగా పెట్టుకోకపోతే బరువుతో పాటు మీరే పైకి లేస్తారు. లెగ్ ప్రెస్‌లో, అంటే కాళ్ళతో బరువు తోసేదాంట్లో, మోకాళ్ళు ఛాతీకి తెచ్చేద్దామని మరీ లోపలికి వద్దు, నడుము కింది భాగం సీటు మీంచి లేవడం మొదలయ్యే చోటు ఉంటుంది, అక్కడికి ముందే ఆగాలి. పైకి తోసినప్పుడు మోకాళ్ళు గట్టిగా లాక్ చెయ్యకండి. వీటన్నిట్లో వెనక్కి వదిలేటప్పుడు రెండు మూడు అంకెలు లెక్కపెట్టుకుంటూ వదలండి, ఆ ఇనుప దొంతర ఢమాల్ మనకూడదు, కండకి మంచి పని అక్కడ కూడా జరుగుతుంది.

కుర్రాళ్ళ గురించి, పొద్దున్న పదింటి నుంచి మధ్యాహ్నం దాకా జిమ్ములు చాలావరకు ఖాళీగా ఉంటాయండి, మొదటి రెండు వారాలు ఆ టైంలో వెళ్ళి ఒక్కో మిషన్‌తో పరిచయం చేసుకోండి. సాయంత్రం ఆరింటికి అయితే నాకే చోటు దొరకదు.

సార్, నేను స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ, కూర్మన్నపాలెంలో ఉంటాను, వయసు 34. డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి రాడ్ లేపి నిలబడేది) చేసిన ప్రతిసారీ నడుం కింద పట్టేస్తుంది. బరువు పెద్దదేం కాదు, రాడ్‌కి చెరో 10 కిలోల ప్లేటు. బెల్టు కొనమన్నారు, కొనాలా?

కొనకు బాబూ, ఆ డబ్బులు ఉంచుకో. నువ్వు ఉత్తరంలో 10 కిలోల ప్లేట్లు అన్నావు చూడు, నాకు జవాబు అక్కడే దొరికింది. పోటీల్లో వాడే పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు, అంటే రాడ్ నేల నుంచి 22 సెంటీమీటర్ల పైన ఉంటది, డెడ్‌లిఫ్ట్ అందరికీ నేర్పేది ఆ ఎత్తు నుంచి. మన జిమ్ముల్లో ఇనుప పదికిలోల ప్లేటు దానికంటే చాలా చిన్నది, రాడ్ దాదాపు పాదాల దగ్గరికి దిగిపోతది, దాన్ని అందుకోవాలంటే వంగి వంగి వీపు విల్లులా అయిపోతది. తేలిక బరువుకి నడుం పట్టేసి, పెద్ద బరువు ఎత్తేవాడికి పట్టకపోవడం చూసి నీకేదో లోపం అనుకుంటున్నావేమో, వాడి ప్లేట్లు పెద్దవి, అంతే. రెండు పక్కలా ఒకదానిమీద ఒకటి ప్లేట్లు పడుకోబెట్టి, వాటిమీద నీ రాడ్ ప్లేట్లు ఎక్కించి, రాడ్ మోకాలి కింద, పిక్క మధ్యకి వచ్చేలా లేపుకో.

అప్పుడు కూడా ఇలా చూసుకో. రాడ్ పాదం మధ్యమీదుగా, అంటే బూటు లేసులు కట్టే ముడి మీదుగా ఉండాలి, పిక్క ఎముకకి అంగుళం దూరం. నడుం ఎలా వంచాలో ఇంట్లో నేర్చుకో, గోడకి వీపు పెట్టి అడుగు ముందుకి నిలబడు, మోకాళ్ళు కొంచెమే వదులు చేసి పిరుదులు వెనక్కి తోసి గోడని తాకించు. వీపు మీద చీపురు కర్ర నిలువుగా పెట్టుకో, తల వెనక, వీపు పైన, నడుం కింద ముడ్డిపూస దగ్గర, మూడుచోట్లా కర్ర అంటుకునే ఉండాలి, వంగేటప్పుడు ఎక్కడ ఊడిందో నీ తప్పు అక్కడ. ఇది పదిరోజులు చేసి అప్పుడు రాడ్ దగ్గరికి వెళ్ళు. దించేటప్పుడు కూడా ఇదే దారి, ముందు పిరుదులు వెనక్కి, రాడ్ మోకాళ్ళు దాటాకే మోకాళ్ళు వంచు. చాలామంది పైకి బ్రహ్మాండంగా లేపి కిందకి మాత్రం బియ్యం బస్తా పడేసినట్టు వంగిపోతారు.

నైట్ షిఫ్ట్ దిగి సరాసరి జిమ్‌కి పోకు. పడుకుని లేచాక చెయ్, ఆ వారం డెడ్‌లిఫ్ట్ మానేసి మిషన్లు చేసుకున్నా ఏం కాదు. ఇంకొకటి, నొప్పి కాల్లోకి దిగుతున్నా, తిమ్మిర్లు వస్తున్నా నా జవాబు పక్కన పెట్టి ఎముకల డాక్టర్ దగ్గరికి పో. మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకు, అప్పటికప్పుడు ఎమర్జెన్సీకే.

ట్రైనర్ డబ్బా ప్రొటీన్ పౌడర్ కొనమని వెంటపడుతున్నాడు, లేకపోతే బాడీ రాదంటున్నాడు. నిజమా అన్నా? - మద్దిలపాలెం నుంచి ఒక స్టూడెంట్

బాడీ రాదో, ఆయనకి కమిషన్ రాదో. బరువులు చేసేవాడికి రోజుకి ఒంటి బరువులో కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ అయితే బాగానే సరిపోద్ది, 60 కిలోల వాడికి 72 నుంచి 96. గుడ్డులో 6, పావులీటరు పాలల్లో 8, 100 గ్రాముల చేపలోనో చికెన్లోనో 20 పైనే, గుప్పెడు వేరుశెనగల్లో 7, ఉడకబెట్టకముందు తూచిన 50 గ్రాముల కందిపప్పులో 11. విశాఖలో ఉండి చేపలకి కరువేంటి, ఫిషింగ్ హార్బర్ దగ్గర పొద్దున్నే వెళ్ళు, వంజరమే కానక్కర్లేదు, చవకగా దొరికే చిన్న చేపల్లోనూ ఆ ప్రొటీనే ఉంది. హాస్టల్ తిండి చాలకపోతే అప్పుడు పౌడర్ ఆలోచించు, అది పాలనుంచి తీసిందే, విషమూ కాదు అమృతమూ కాదు. కానీ పేరు ఊరూ లేని డబ్బాలోంచి 'మా స్పెషల్' అని కవర్లో పోసి ఇచ్చేది, ఇంజెక్షన్ మాటెత్తేవాడు, ఈ రెండూ కనిపిస్తే ఆ జిమ్ మార్చెయ్.

కాళ్ళు చేసిన మర్నాడు మెట్లు దిగలేకపోతున్నా. ఆపెయ్యాలా? - సీతమ్మధార

కొత్తలో అంతే, రెండో రోజుకి ఎక్కువై మూడు నాలుగు రోజులకి తగ్గిపోద్ది. నడువు, నీళ్ళు తాగు, తర్వాతిసారి తేలిగ్గా చెయ్. కానీ నొప్పి విపరీతంగా ఉండి కండ వాచి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే మాత్రం ఆగొద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. మొదటిరోజే ఎవడో పందెం కట్టాడని 200 గుంజీళ్ళు తీసినవాళ్ళకి అలా అవుద్ది, కండ పగిలి ఆ చెత్త కిడ్నీల మీద పడుద్ది.

నాకు 61, రిటైరయ్యాను. బీపీ మాత్ర వేసుకుంటాను. బరువులు ఎత్తొచ్చా?

ఎత్తొచ్చు మాస్టారూ, మీ డాక్టర్‌తో ఒకమాట చెప్పి మొదలెట్టండి. పైన తమ్ముడికి గాలి బిగించమన్నాను కదా, అది మీకు కాదు. ఊపిరి బిగబట్టి పెద్ద బరువు ఎత్తితే ఆ క్షణంలో బీపీ బాగా పైకి పోతుంది. తేలిక బరువు, 12 నుంచి 15 సార్లు, తోసేటప్పుడు గాలి వదలండి. పైకి అంకెలు లెక్కపెడుతూ చెయ్యండి, నోరు మాట్లాడుతుంటే ఊపిరి బిగబట్టడం కుదరదు. ముందు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, మెల్లగా కూర్చోవడం పదిసార్లు, అదే మీ స్క్వాట్. ధబ్బున కూలబడితే ఆ సారి లెక్కలో వెయ్యొద్దు.

లాసన్స్ బే కాలనీలో సముద్రానికి దగ్గర్లో మా ఇల్లు. మేడ మీద పెట్టుకున్న రాడ్, ప్లేట్లు ఆరునెలల్లో తుప్పెక్కిపోయాయి, ఎంత తుడిచినా మళ్ళీ వస్తోంది. ఏం చెయ్యాలి?

ఉప్పుగాలికి గేటు గొళ్ళాలే ఆగవు, రాడ్ ఆగుతుందా. ముందు దాన్ని మేడ మీంచి దించి గదిలో పెట్టండి. నైలాన్ బ్రష్‌తో గరుకు గాడుల్లో ఉన్న చెమట, పొడి అంతా రాల్చి, కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు గుడ్డకి రాసి పల్చగా రుద్ది, పది నిమిషాలాగి పొడిగుడ్డతో పూర్తిగా తుడిచెయ్యండి. కొబ్బరినూనె వద్దు. వానాకాలంలో వారానికోసారి, మిగతా రోజుల్లో నెలకి రెండుసార్లు చాలు. చేసిన ప్రతిసారీ చెమట తుడవడం మాత్రం మానకండి, మన ఊరి ఉక్కలో రాడ్ నీళ్ళు కారుతుంటుంది, తుప్పు సంగతి తర్వాత, ముందు చేతిలోంచి జారేది దానివల్లే. గదిలోకి మార్చాక కింద రబ్బర్ మ్యాట్ వెయ్యండి, మీ ఉత్తరం చివర్లో 'కింద పోర్షన్ వాళ్ళు గొడవ చేస్తున్నారు' అని రాశారు, వాళ్ళ తప్పేం లేదు, డెడ్‌లిఫ్ట్ మెల్లగా దించండి.